పచ్చ పెన్ను చల్లారేదాకా

మొన్న ఆఫీసు మీటింగులో నేను అరిచిన అరుపుకి గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు. మా కొత్త సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు గోడ మీద ఏవో డబ్బాలూ బాణాలూ చూపిస్తూ ఆకుపచ్చ లేజర్ పెన్నును ఆపకుండా వెలిగిస్తున్నాడు. కాసేపటికి గోడ మీద చుక్క వెలవెలబోయింది. ఆయన పెన్నును అరచేతికేసి కొట్టి, బటన్ మీద వేలు తియ్యకుండానే, లోపల ఏమైందో చూద్దామని ముఖం వైపు తిప్పుకోబోయాడు.

"మొకం దిక్కు తిప్పకు! ముందుగాల బటన్ ఇడువు!" అన్నాను.

పెన్ను చేతిలోంచి జారి టేబుల్ కింద పడింది. తరువాత అందరూ నవ్వారు. నాది కాకినాడ. ఈ ఊరొచ్చి ఎన్నేళ్లయినా నా యాసను ఇక్కడి నీళ్లు కడగలేకపోయాయని మావాళ్లు ఏడిపిస్తుంటారు. "మేడమ్, తెలంగాణ ఎప్పుడు నేర్చుకున్నారు?" అని ఎవరో అడిగారు. నేను నవ్వబోయాను కానీ నవ్వు రాలేదు. ఆ మాట అలా అనే మనిషి పోయి ఇంకా నెల కాలేదు.

మేముండేది నల్లగండ్లలో, తొమ్మిదో అంతస్తులో. మా పక్క ఫ్లాటులో ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉండేవాళ్లు. శంకర్‌పల్లి వైపు మనుషులు. పెద్దావిడకు ఊపిరితిత్తుల జబ్బు. పగలూ రాత్రీ ముక్కులో ఆక్సిజన్ మిషన్ గొట్టం. చిన్నావిడ సర్కారు ఆఫీసులో టైపిస్టుగా చేసి, అక్కను చూసుకోవడానికి ముందుగానే మానేసింది. పెళ్లి చేసుకోలేదు. మొదట్లో ఒకసారి నేనామెను ఆంటీ అన్నాను. "ఆంటీ ఏంది? ఏ వరసల నేన్నీకు ఆంటీని?" అని నిలదీసింది. "చిన్నమ్మ అను. లోపలున్నామెను పెద్దమ్మ అను. అయిపాయె," అని వరస తనే తేల్చేసింది.

ఆమెతో నా పరిచయం పోట్లాటతోనే మొదలవ్వాల్సింది. ఒక సాయంత్రం మా బాల్కనీ గోడ మీద ఆకుపచ్చ చుక్క ఒకటి పరుగులు పెడుతోంది. పక్కింట్లోంచి వస్తోందని కనిపెట్టి, ఎవరి పిల్లల చేష్టో ఇది, ఇవాళ వాళ్ల పెద్దలకు నాలుగు చీవాట్లు పెట్టాలి అనుకుని వెళ్లి బెల్లు కొట్టాను. తలుపు తీసే ఉంది. బాల్కనీలో కుర్చీలో పెద్దావిడ. ఆమె పక్కన, చీర కొంగు నడుముకు దోపుకుని, పిడికిట్లో లేజర్ పెన్ను పట్టుకుని చిన్నావిడ. నేను నోరు తెరిచేలోగా ఎడమ అరచెయ్యి ఎత్తి ఆగమంది. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. రెయిలింగు మీద వాలిన పావురాల పక్కన చుక్కను గిరగిరా తిప్పింది. అవి టపటపా లేచిపోయాయి. అప్పుడు బటన్ వదిలి, బుగ్గల్లో ఉన్న గాలంతా ఒక్కసారి వదిలింది.

"ఆఁ, ఇప్పుడు తిట్టు బిడ్డా. పెన్ను సల్లారేదాకా టైమున్నది."

ఇంత సిద్ధంగా ఉన్నవాళ్లను ఎవరు తిట్టగలరు? నాకు నవ్వొచ్చింది. అక్కడే నిలబడి, ఆ పెన్ను చల్లారేదాకా ఆమె చెప్పింది విన్నాను.

పెద్దమ్మ జబ్బు పావురాల వల్ల వచ్చిందట. రెట్టలు ఎండి పొడై గాలిలో కలిసి, ఆ గాలి ఏళ్ల తరబడి పీల్చి, ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని దవాఖానలో చెప్పారట. ఇల్లన్నా మారండి, పావురాలన్నా రాకుండా చేసుకోండి అన్నారట. ఇల్లు మారనంది పెద్దమ్మ. వల కట్టిద్దామంటే అది అంతకన్నా వద్దంది. "నన్ను పంజరంల పెట్టి సంపుతరా?" అందట. పడకగదికీ హాలుకీ మధ్య బతుకుతున్న మనిషికి ఆకాశం కనబడేది ఆ బాల్కనీలోనే. సాయంత్రం కాసేపు అక్కడ కూర్చోకపోతే ఆమె అన్నం ముట్టదు. కూర్చుంటే పావురాలు వస్తాయి, పావురాలు వస్తే దగ్గు తెరలు తెరలుగా పట్టుకుంటుంది. ముళ్ల పట్టీలు పెట్టించారు. ఆ ముళ్ల మధ్యనే పుల్లలు పేర్చి రెండు గూళ్లు కట్టుకున్నాయి. ఇక మిగిలింది ఈ పెన్ను. వెలుగు తగ్గేవేళ పచ్చచుక్క కదిలితే అవి బెదురుతాయి. అక్క బాల్కనీలో దగ్గు లేకుండా కూర్చోవాలి. చిన్నమ్మ కోరిక అదొక్కటే. ఆమె రోజంతా, తెల్లారి తడిగుడ్డతో బాల్కనీ తుడవడం దగ్గర్నుంచి, ఆ కాసేపటి కోసమే నడిచేది.

అయితే ఆ పెన్ను ఎంతసేపంటే అంతసేపు వెలిగేది కాదు. నా ఉద్యోగం యంత్రాలను ఎలా వాడాలో పుస్తకాలు రాయడం. అందులో 'జాగ్రత్తలు' అనే పేజీ వచ్చేసరికి లోకంలో ఎవరైనా తిప్పేస్తారు. పదిహేనేళ్లుగా ఎవరూ చదవని పేజీలు రాసి జీతం తీసుకుంటున్న నాకు, ఆ పేజీ చదివించుకోవాలని వచ్చిన మొదటి మనిషి చిన్నమ్మ. పెన్నుతో వచ్చిన చీమతలకాయంత అక్షరాల కాగితం తెచ్చి, "గిది జర మంచి తెలుగుల జెప్పు" అంది.

చెప్పాను. ఇది చిన్న లోహపు గొట్టం, లోపల పుట్టే వేడి పోయే దారి లేదు. కాసేపు వెలిగించాలి, కనీసం అంతసేపైనా ఆపాలి. మామూలుగా అర నిమిషం మించకూడదు, ఎండాకాలం ఇంకా తగ్గించాలి. పట్టుకున్న చేతికి వెచ్చగా తగిలితే అప్పటికే ఆలస్యమైనట్టు. చుక్క వెలవెలబోతే ప్రతిసారీ బ్యాటరీ అయిపోయినట్టు కాదు, వేడెక్కిపోయినట్టు కూడా కావచ్చు. వెలుతురులోకి చూడకూడదు. ఎవరి కళ్ల మీదా, ఆకాశంలోకీ వెయ్యకూడదు.

ఆమె అంతా విని, "అర నిమిషమంటె నా దమ్మంత," అంది. అప్పట్నుంచీ అదే ఆమె గడియారం. నిండా ఊపిరి పీల్చి, బిగబట్టి, బటన్ నొక్కేది. ఊపిరి ఆగనంటే పెన్ను ఆపేది. ఏప్రిల్ వచ్చిందంటే సగం ఊపిరికే. ఆపిన పెన్నును చెంపకు ఆనించుకునేది, పిల్లలకు ఒళ్లు కాలుతోందేమో చూసినట్టు. "ఇంక జరమున్నది," అనేది. చెంపకు చల్లగా తగిలేదాకా మళ్లీ ముట్టేది కాదు. ఎప్పుడూ పావురం మీద వెయ్యలేదు. దాని కాళ్ల పక్కన గచ్చు మీదే తిప్పేది. "పానం మీద ఎయ్యొద్దు బిడ్డా. అది గూడ ఎవరికో అక్కనో చెల్లెనో."

ఒకసారి మాత్రం ఏడుపు మొహంతో వచ్చింది. పెన్ను వెలిగిస్తే చుక్క బదులు గోడ మీద మసకమరక పడుతోంది. ఏం చేశారంటే చెప్పదు. గుచ్చి గుచ్చి అడిగితే, "జల్దీ సల్లారుతదని ఫ్రిజ్జుల పెట్టిన. దానికి సర్ది వట్టింది," అంది. నేను పడీపడీ నవ్వాను. లోపలి అద్దం మీద తేమ పట్టింది, రెండు రోజులు పొడిగా ఉంచి చూద్దాం అన్నాను. ఆ రెండు సాయంత్రాలూ చిన్నమ్మ తువ్వాలు విసురుతూ బాల్కనీలో అటూ ఇటూ తిరిగింది. పెద్దమ్మ కుర్చీలో కూర్చుని, "నన్ను అటీటు తిప్పితె అయిపాయె గద, ఆ చుక్కను దిప్పినట్టు," అని వేళాకోళం చేసింది. రెండో పెన్ను కొనుక్కోవచ్చుగా, ఒకటి చల్లారేలోగా ఇంకొకటి అని నేనంటే, "ఒక్కదానికే నా దమ్ము సాల్త లేదు" అని కొట్టిపారేసింది.

ఊపిరి బిగబట్టి ఉంటుంది కనుక పెన్ను వెలుగుతున్నప్పుడు మాట్లాడేది కాదు. ఆపినప్పుడే మాట. అందువల్ల ఆమె జీవితం నాకు వరసగా తెలియదు. పెన్ను చల్లారే వ్యవధుల్లో చెప్పిన ముక్కలే తెలుసు. "మా అక్క నన్ను సంకనేసుకోని బడికి వోయేది. సారు తిడితె..." అని పెన్ను నొక్కేసేది. సారు తిడితే ఏమైందో తెలుసుకోవడానికి నేను నోరు మూసుకుని నిలబడాలి. ఆమె పెళ్లిచూపుల కథ మూడు సాయంత్రాలు సాగింది. వచ్చినవాళ్లకు అన్నీ నచ్చాయట. మీ అక్క మాత్రం మాతో ఉండకూడదు అన్నారట. "అయితె మీరేమన్నారు?" అని నేనడిగేసరికి పావురాలు వాలాయి. మర్నాడు జవాబొచ్చింది. "చాయ దాగి పొండ్రి అన్న."

కుర్చీలోంచి పెద్దమ్మ దగ్గుతూనే, "దాని బతుకు నేనే నాశనం జేసిన," అంది.

"ఆఁ, జేసినవ్ తీయ్," అంది చిన్నమ్మ, పెన్ను చెంపకు ఆనించుకుంటూ. ఆ ఇంట్లో ప్రేమంటే అదే. అంతకన్నా మెత్తగా వాళ్లిద్దరూ మాట్లాడుకోగా నేను వినలేదు.

తొమ్మిదో అంతస్తులో బెదిరిన పావురాలు ఎక్కడికో పోవాలి కదా. అవి కింది అంతస్తులో ఉండే మా అసోసియేషన్ సెక్రటరీ గారి ఏసీ డబ్బా మీదకు కాపురం మార్చాయి. ఆయన భీమవరం వైపు మనిషి, హైటెక్ సిటీలో సెన్సార్ల కంపెనీలో పెద్ద ఇంజనీరు. మంచివాడు. మంచితనం, ఇంజనీరింగు రెండూ ఒకే మనిషిలో ఎక్కువైతే చుట్టుపక్కలవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. ఆయన ఒకరోజు పైకొచ్చి, చిన్నమ్మ ఊపిరి బిగబట్టి పావురాలు తోలడం చూసి కదిలిపోయాడు.

"ఈ వయసులో మీకిదంతా ఎందుకండీ? దీన్ని ఆటోమేట్ చేసేద్దామండీ. మీరు హాయిగా అక్కగారి పక్కన కూర్చోండి, పని అదే చూసుకుంటుంది," అన్నాడు.

వారం తిరక్కుండా చిన్న మోటారు, కెమెరా, స్టాండు పట్టుకొచ్చి రెయిలింగుకు బిగించాడు. పెన్నును క్లిప్పులో పెట్టి, బటన్ నొక్కుకునే ఉండేలా బిగగట్టాడు. బ్యాటరీ తీసేసి కరెంటు వైరు తగిలించాడు. పావురం వాలితే కెమెరా కనిపెడుతుంది, మోటారు తిరుగుతుంది, చుక్క పరిగెడుతుంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వీడియో పెడితే చప్పట్ల బొమ్మలు కురిశాయి. "మరి దానికి దమ్మెప్పుడు ఇస్తరు సారూ?" అని చిన్నమ్మ అడిగింది. "దానికి అలసట ఉండదండీ, మెషీనండీ," అన్నాడాయన. ఆ సాయంత్రం నేను ఊళ్లో లేను. ఉన్నా ఏమనేదాన్నో తెలియదు.

రెండు రోజుల తరువాత ఆ స్టాండు ఊడి, అట్టపెట్టెలో సర్దుకుని, సెక్రటరీ గారింటికి తిరిగి వెళ్లిపోయింది. "మోటరు సప్పుడు అక్కకు పడ్తలేదు సారూ, ఏమనుకోకుండ్రి," అని చిన్నమ్మ చెప్పిందట. ఆయన కొంచెం నొచ్చుకున్నాడు. చిన్నమ్మ మళ్లీ పెన్ను చేతిలోకి తీసుకుంది, మళ్లీ ఊపిరి బిగబట్టింది. అంతా ఎప్పటిలాగే ఉందనుకున్నాను.

కానీ ఆమెలో ఏదో మారింది. మాట్లాడుతున్నప్పుడు నా ముఖంలోకి చూడడం మానేసింది. నా చెవివైపో భుజంవైపో చూస్తూ మాట్లాడేది. ఏదో కోపం వచ్చిందనుకున్నాను. తరువాత పొగరనుకున్నాను. రెయిలింగు మీద చుక్క తిప్పేటప్పుడు పెద్దమ్మ కుర్చీలోంచి అజమాయిషీ మొదలుపెట్టింది. "ఎడమకు. ఇంగ ఎడమకు. పైపు మీద రెండున్నయ్. కింద, కింద." జబ్బు ముదిరి పెత్తనం ఎక్కువైందని జాలిపడ్డాను.

ఒక మధ్యాహ్నం లిఫ్టులో ఇద్దరమే ఉన్నాం. చిన్నమ్మ చేతిలో మందుల సంచి. తొమ్మిది నొక్కబోయి ఆమె వేలు బటన్ల మీద తారట్లాడింది. తల పక్కకు తిప్పి, ఓరగా చూసి, ఆరు నొక్కింది. నేను తొమ్మిది నొక్కాను. ఆరులో లిఫ్టు ఆగింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది. ఎవరూ దిగలేదు. చిన్నమ్మ మెడ వంచుకుని నిలబడింది. ఆ తలుపు మూసుకునేలోగా నాకు అర్థమైంది.

ఆ సాయంత్రం పెద్దమ్మ నిద్రలో ఉంది. బాల్కనీలో చిన్నమ్మ పెన్ను వెలిగించలేదు. దాన్ని చేతిలో పట్టుకుని నాకు చెప్పింది. మోటారు పెట్టిన రెండో రోజు, మంచి ఎండ. సాయంత్రమయ్యేసరికి చుక్క వెలవెలబోయి ఆగిపోయింది. పావురాలు మళ్లీ వాలాయి. లోపల అక్క దగ్గుతోంది. పెన్ను చచ్చిపోయిందేమోనని క్లిప్పూ వైరూ ఉండగానే స్టాండు నుంచి ఊడదీసి, లోపల కొంచెమైనా నిప్పుందేమోనని కంటి దగ్గర పెట్టుకుని చూసింది. చానాసేపు చూసింది.

"వెల్తురు దిక్కు సూడొద్దన్నవ్ బిడ్డా, నాకు యాదికున్నది. గని వెల్తురే లేకపాయె. ఏమన్న ఉన్నదా అని సూసిన. రెప్ప గూడ కొట్టలే."

ఒక కన్ను ఆమెకు చిన్నప్పట్నుంచే మసక. చూసింది రెండో కంటితో. మర్నాటి నుంచి ఆ కంట్లో సరిగ్గా మధ్యలో మాడిన మచ్చ. చుట్టూ కనబడుతుంది. ఏది చూద్దామనుకుంటే అదే మాయమవుతుంది. "దవాఖానకు వోయిన. లోపట కాలిందన్నరు. దీనికి మందు లేదన్నరు."

ఆ రాత్రి నేను కూర్చుని వెతికి చదివాను. ఈ పచ్చ పెన్నులో మొదట పుట్టేది పచ్చ వెలుగు కాదు, కంటికి కనబడని వేరే వెలుగు. లోపలున్న చిన్న స్ఫటికపు పలుకుల్లోంచి పోయి అది పచ్చగా మారుతుంది. పెన్ను బాగా వేడెక్కితే ఆ మార్పిడి దెబ్బతింటుంది. పచ్చదనం తగ్గుతుంది. కనబడనిది మాత్రం వస్తూనే ఉండవచ్చు, చవక పెన్నుల్లో మరీను. కనబడే వెలుగైతే రెప్ప దానంతటదే మూసుకుంటుంది. కనబడనిదానికి రెప్ప ఎందుకు మూసుకుంటుంది? ఈ సంగతి ఆ చీమతలకాయంత అక్షరాల్లో ఎక్కడా లేదు. వెలుతురులోకి చూడవద్దు అని మాత్రం ఉంది. అది రాసినవాడు ఏ దేశంలో ఉన్నాడో తెలియదు, వాడి మీద నాకు వచ్చినంత కోపం జన్మలో ఎవరి మీదా రాలేదు. చెప్పిన మాట విని, గుర్తు పెట్టుకుని, దాని ప్రకారమే నడుచుకున్న మనిషి కన్ను కాలిపోయింది.

సెక్రటరీ గారికి చెబుతానన్నాను. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు. ఆయన మంచి జేద్దామనే జేసిండు. తెలిస్తె పరేషాన్ అయితడు. రేపొద్దుగాల మీటింగు వెట్టి లేజర్లు బంద్ అంటరు. అప్పుడు అక్క సంగతేంది?"

"పెద్దమ్మకైనా చెప్పారా?"

"పిచ్చిదానివా? తెలిస్తె ఇగ బాల్కనీల కూసుంటదా అది?"

"మరి కనబడకుండా పావురాల్ని ఎలా తోలుతున్నారండీ?"

చిన్నమ్మ నవ్వింది. "అది జెప్తది గద, ఎడమకు కుడికి అని. నా మీద పెత్తనం జేస్తున్న అనుకుంటది. జెయ్యని."

ఆ తరువాత రెండు వేసవులు గడిచాయి. ఆ చుక్క తప్పి ఎవరి కంట పడుతుందోనని నాకు భయంగా ఉండేది. కానీ ఆమె పెన్ను తలను ఎప్పుడూ నేలకే వంచి పట్టుకునేది, అక్క నోట మాట రానిదే బటన్ నొక్కేది కాదు. వేడి మాత్రం ఎవరి సాయం లేకుండా చెంపతోనే చూసుకునేది. నేను రోజూ ఆఫీసు నుంచి వచ్చి కాసేపు నిలబడేదాన్ని. నా చెవితో మాట్లాడే ఆమెకు నేను అలవాటు పడిపోయాను.

పోవలసింది పెద్దమ్మ అని అందరం అనుకున్నాం. సెక్రటరీ గారు కూడా అనుకున్నాడు, దవాఖానవాళ్లూ అనుకున్నారు. ఒక ఉదయం బాల్కనీ తుడవడానికి తడిగుడ్డ పట్టుకుని బయల్దేరిన చిన్నమ్మ హాలులోనే కూలబడింది. గుండె ఆగిపోయిందన్నారు. పెద్దమ్మ మంచం మీంచి పిలుస్తూనే ఉందట. గొట్టం పొడవు హాలుదాకా చాలలేదు. గొట్టం పీకేసుకుని పాక్కుంటూ వచ్చి మా గోడ మీద కొట్టింది. నేను వెళ్లేసరికి చెల్లెలి తల ఒళ్లో పెట్టుకుని, ఊపిరందక, ఏడవడానికి కూడా గాలి లేక కూర్చుని ఉంది. ఆ దృశ్యం చూడకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ తరువాత పెద్దమ్మను చూసుకోవడానికి పగలు ఒక ఆయమ్మ వస్తోంది. బాల్కనీ తలుపు మూసే ఉంచారు. మొన్న ఆఫీసులో ఆ అరుపు అరిచి, నవ్వలేక, సాయంత్రం తిన్నగా వాళ్లింటికే వెళ్లాను. పెద్దమ్మ లేచి కూర్చుని ఉంది. "బాల్కనీలకు తీస్కపో" అంది. కుర్చీ జరిపి, గొట్టం సర్ది, కూర్చోబెట్టాను. కిటికీలో ఉన్న పెన్ను తీసుకుని నిలబడ్డాను. ఎదురు బ్లాకు మీద వెలుగు తగ్గుతోంది. ఎక్కడినుంచో రెక్కల చప్పుడు వినిపించింది. ఊపిరి పీల్చి బిగబట్టాను.

"ఉండు," అంది పెద్దమ్మ. "దానికి కన్ను పోయిందని నీకు తెల్సు గద?"

బిగబట్టిన ఊపిరి వదిలేశాను.

"నాకు గూడ తెల్సు. మొకం జూసి కొట్లాడే మనిషి, ఒక్కసారే చెవు జూసి మాట్లాడవట్టె. చేతులల్ల పెంచిన పోరి, నాకు తెల్వదా? అందుకే ఎడమకు కుడికి అని చెప్పుడు వెట్టిన."

"మరి ఒక్క మాటైనా అడగలేదేమండీ?"

"అడిగితె దాసిపెట్టుడు బందయితది. ఏడుస్తది. అది ఏడిస్తె నేను బాల్కనీల కూసోను. నేను కూసోకుంటె దానికి సాయంత్రం ఏం పనున్నది?" ఆయాసం వచ్చి ఆగింది. తీరాక అంది, "రెండేండ్లు నా మొకం సూడకుండనే వోయింది బిడ్డా. నా ఊపిరి కోసమని."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ముందు ఏడవకూడదనుకుని వెళ్లాను, ఆ అనుకోవడం ఎందుకూ పనికిరాలేదు. ముళ్ల పట్టీ పక్కన ఒక పావురం వాలింది. నేను కళ్లు తుడుచుకుని పెన్ను ఎత్తాను. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుని కిందికి దించింది.

"రానియ్యి."

"పెద్దమ్మా, మీకు పడదు. దగ్గు మొదలైతే..."

"ఇంట్ల ఎవరన్న మెసలాలె గద బిడ్డా. పొద్దుందాక ఈ మిషిని సప్పుడొక్కటే."

తలుపు వేసి ఆమెను లోపలికి లాక్కుపోదామనుకున్నాను. నాకు ఆమె మీద కోపం కూడా వచ్చింది. చిన్నమ్మ ఇన్నేళ్లు కాపలా కాసింది దేనికి? ఆ మాట నోటిదాకా వచ్చింది కానీ, నా మణికట్టు మీదున్న ఆ చేతి బిగువు చూసి అనలేకపోయాను. పావురం రెయిలింగు మీద రెండడుగులు ఇటే నడిచింది. మెడ వంచి పెద్దమ్మ ముఖంలోకి చూసింది. ఆమె ఛాతీ ఎగసింది. దగ్గితే అది లేచిపోతుందని, పెదవులు బిగించి, దగ్గును లోపలే ఆపుకుంది.